పారిస్‌లో తక్కువ ఖర్చుతో ఒక వారం: తేదీల ఎంపిక నుంచి తిరుగు విమానం దాకా

పారిస్‌కు వెళ్లాలంటే ఎంత అవుతుందని అడిగేవారికి ఒక్క అంకెలో జవాబు చెప్పడం కష్టం. అదే హోటలు, అదే విమానం, అవే చూడదగ్గ స్థలాలు అయినా, ఏ సోమవారం దిగారు, ఏ ఆదివారం బయలుదేరారు అన్న దాన్నిబట్టి లెక్క మారిపోతుంది. అందుకే ఈ మార్గదర్శి విమాన టికెట్టుతో కాకుండా క్యాలెండరుతో మొదలవుతుంది. ఇక్కడి రవాణా ధరలు 2026 ఆరంభం నాటివి. ఏటా జనవరిలో అవి కొద్దికొద్దిగా పెరుగుతుంటాయి కాబట్టి, బయలుదేరే ముందు అధికారిక వెబ్‌సైట్లలో ఒకసారి సరిచూసుకోవాలి.

## 1. ముందు వారాన్ని ఎంచుకోండి

తేదీలు నిర్ణయించేటప్పుడు మూడు విషయాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది, పారిస్ నగర రవాణాలోని వారపు పాస్ (దీని పేరు నావిగో) ఎప్పుడు కొన్నా సోమవారం నుంచి ఆదివారం వరకే చెల్లుతుంది. గురువారం కొంటే నాలుగు రోజులకే పనికివస్తుంది, ధర మాత్రం తగ్గదు.

రెండవది, లూవ్ర్ మ్యూజియం జూలై, ఆగస్టు తప్ప మిగతా నెలల్లో మొదటి శుక్రవారం సాయంత్రం 6 గంటల తర్వాత అందరికీ ఉచితం. ఓర్సే, ఒరాంజరీ, గిమే మ్యూజియాలు నెలలో మొదటి ఆదివారం ఉచితం. 2026 జనవరి నుంచి ఐరోపా వెలుపలి దేశాల సందర్శకులకు లూవ్ర్ టికెట్టు 22 యూరోల నుంచి 32 యూరోలకు పెరిగింది. యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఆ ఒక్క సాయంత్రం మనిషికి మూడు వేల రూపాయలకు పైగా మిగులుస్తుంది.

మూడవది, మొదటి శుక్రవారం, మొదటి ఆదివారం ఒకే వారంలో పడాలి. నెల 1వ తేదీ శనివారమో ఆదివారమో అయితే ఇది కుదరదు, ఎందుకంటే అప్పుడు మొదటి ఆదివారం ముందే గడిచిపోతుంది. ఉదాహరణకు 2026 నవంబరు 1 ఆదివారం కాబట్టి ఆ నెల మనకు పనికిరాదు. డిసెంబరులో మాత్రం శుక్రవారం 4న, ఆదివారం 6న వస్తాయి కనుక నవంబరు 30 సోమవారం దిగితే సరిపోతుంది. 2027 ఫిబ్రవరి 1 సోమవారమే కాబట్టి ఆ వారం ఇంకా నయం, హోటళ్ల ధరలు కూడా ఏడాదిలో తక్కువగా ఉండే కాలమది.

అక్టోబరు మొదటి వారం ఇదే లెక్కకు సరిపోయినా, ఫ్యాషన్ వీక్ ఆ రోజుల్లోనే జరుగుతుంది కాబట్టి గదుల ధరలు చుక్కలనంటుతాయి. చలికాలంలో చీకటి త్వరగా పడటం, స్వెట్టర్ల బరువు మోయడం తప్పవు. అయినా డబ్బు ముఖ్యమనుకునేవారికి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు, క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులను వదిలేస్తే, అదే సరైన సమయమని నా అభిప్రాయం.

## 2. వీసా దరఖాస్తు

ఫ్రాన్స్‌తో పాటు ఐరోపాలోని చాలా దేశాలకు ఒకే అనుమతిగా పనిచేసే షెంగెన్ వీసాకు ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలన్నది నియమం, కానీ అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టే సందర్భాలున్నందున రెండున్నర, మూడు నెలల ముందే పని మొదలుపెట్టడం క్షేమం. పెద్దలకు రుసుము 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45 యూరోలు, అంతకంటే చిన్నవారికి రుసుము లేదు. దరఖాస్తు కేంద్రం వసూలు చేసే సేవా రుసుము దీనికి అదనం.

ఎన్ని దేశాలు తిరిగినా, ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. వేరే దేశానికి అపాయింట్‌మెంట్ త్వరగా దొరికిందని అక్కడ వేసి, ప్రయాణ ప్రణాళికలో మాత్రం పారిస్‌లో ఆరు రాత్రులు చూపించడం తిరస్కరణను కోరి తెచ్చుకోవడమే.

సిద్ధం చేసుకోవలసినవి:

- ఫ్రాన్స్ వీసా వెబ్‌సైటులో నింపి ముద్రించుకున్న దరఖాస్తు, ఫొటోలు, పాస్‌పోర్టు
- షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించే, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు హామీ ఇచ్చే ప్రయాణ బీమా
- బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, జీతం స్లిప్పులు, ఉద్యోగులైతే సెలవు మంజూరు లేఖ
- రద్దు చేసుకునే వీలున్న హోటలు బుకింగు
- రానుపోను విమాన రిజర్వేషను, రోజువారీ ప్రణాళిక

హోటలు బుకింగు ఉన్నవారు రోజుకు 65 యూరోలు, బుకింగు లేనివారు 120 యూరోలు ఖర్చుపెట్టగల స్థోమత చూపించాలని ఫ్రాన్స్ నియమం. ఏడు రోజులకు 455 యూరోలు అవుతాయి. అయితే ఖాతాలో సరిగ్గా అంతే ఉంచడం కాకుండా, నెలల తరబడి నిలకడగా ఉన్న నిల్వ చూపించాలి. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర తెచ్చి జమ చేసిన పెద్ద మొత్తం సాయం చేయకపోగా అనుమానం పెంచుతుంది.

వీసా చేతికి రాగానే స్టిక్కరు మీద రెండు చోట్ల చూడాలి: చెల్లుబాటు తేదీలు ఒకటి, ఉండగలిగే రోజుల సంఖ్య మరొకటి. దిగిన రోజు, బయలుదేరిన రోజు రెండూ ఆ సంఖ్యలో కలుస్తాయి.

జర్మనీ లాంటి షెంగెన్ దేశంలో నివాస అనుమతితో చదువుకుంటున్న మన విద్యార్థులకు ఈ వీసా అవసరం లేదు. పైగా 26 ఏళ్లు నిండకపోతే, నివాస అనుమతి కార్డు చూపించి లూవ్ర్, ఓర్సే రెండూ ఏ రోజైనా ఉచితంగా చూడవచ్చు. ఐర్లాండులో ఉన్నవారికి మ్యూజియం వెసులుబాటు వర్తిస్తుంది కానీ, ఆ దేశం షెంగెన్‌లో లేదు కాబట్టి వీసా మాత్రం తీసుకోవలసిందే.

## 3. విమానం

హైదరాబాదు నుంచి దోహా, దుబాయ్, అబుదాబి మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్లవచ్చు. ఆదివారం అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానం ఎక్కితే సోమవారమే పారిస్‌లో ఉంటారు. తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి పెట్టుకోవాలి. సోమవారం ఉదయానికి మారిస్తే వారపు పాస్ చెల్లక, ఒక్క విమానాశ్రయం టికెట్టుకే 14 యూరోలు అదనంగా పడుతుంది, మరో రాత్రి గది అద్దె సరేసరి.

ఐరోపాలోని చౌక విమానాల్లో పారిస్ పేరుతో అమ్మే బొవే విమానాశ్రయం నగరానికి దాదాపు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడికి ఈ పాస్ పనిచేయదు, బస్సు టికెట్టు విడిగా కొనాలి. ఆ బస్సు ఖర్చు కలిపి చూసుకున్నాకే చౌకో కాదో తేల్చుకోవాలి.

## 4. బస ఎక్కడ

ఈఫిల్ టవరు కనిపించే కిటికీ కోసం డబ్బు పెట్టడం ఈ బడ్జెటులో కుదరని పని. గదిలో ఉండేది నిద్రపోయేంతసేపే. వారపు పాస్ అన్ని మండలాలకూ (రవాణా జోన్లకూ) చెల్లుతుంది కాబట్టి నగర సరిహద్దుకు అవతల మోంత్రోయ్, ఇవ్రీ, సెంట్-వాన్, క్లిషీ వంటి చోట్ల, మెట్రో స్టేషనుకు పది నిమిషాల నడక లోపల ఉన్న గది తీసుకుంటే ప్రయాణ ఖర్చు పైసా పెరగదు.

ఒంటరిగా వెళ్లేవారికి హాస్టల్లో ఒక మంచం రాత్రికి 30 నుంచి 50 యూరోల మధ్య దొరుకుతుంది. ఇద్దరు కలిసి వెళ్తే చిన్న హోటలు గది, నలుగురు ఉంటే వంటగది ఉన్న ఫ్లాటు తలకు తక్కువ పడతాయి. ఫ్లాటు తీసుకునేటప్పుడు ప్రకటనలో నగరపాలక సంస్థ ఇచ్చిన 13 అక్షరాల నమోదు సంఖ్య ఉందో లేదో చూడాలి. అది లేని ఫ్లాటు ఎంత చౌకగా ఉన్నా వదిలేయడమే మంచిది.

బుక్ చేసే ముందు అడగవలసినవి:

- పర్యాటక పన్ను ధరలో కలిసే ఉందా, అక్కడ విడిగా కట్టాలా (తలకు, రాత్రికి లెక్కకట్టి వసూలు చేస్తారు)
- లిఫ్టు ఉందా. పాత భవనాల్లో ఐదో అంతస్తుకు మెట్లే గతి కావచ్చు
- గదిలో కెటిల్ ఉందా; చౌక హోటళ్లలో సాధారణంగా ఉండదు
- చివరి రోజు సాయంత్రం దాకా పెట్టె ఉంచుకోనిస్తారా

## 5. నావిగో పాస్

ప్రయాణంలో మిగిలే డబ్బులో పెద్ద వాటా ఇక్కడే ఉంది, కొత్తవారు తడబడేదీ ఇక్కడే.

పారిస్ మెట్రోలో, నగరాన్ని శివార్లతో కలిపే ఆర్ఈఆర్ రైళ్లలో ఒక ప్రయాణానికి టికెట్టు 2.55 యూరోలు. విమానాశ్రయానికి ఈ టికెట్టు చెల్లదు, దానికి వేరుగా 14 యూరోలు. అన్ని మండలాల వారపు పాస్ 32.40 యూరోలు, అది షార్ల్ ద గాల్, ఓర్లీ విమానాశ్రయాలకు, వెర్సాయ్‌కి కూడా చెల్లుతుంది. పాస్ నింపుకునే నావిగో దెకువెర్త్ కార్డు 5 యూరోలు. రెండూ కలిపి 37.40. విమానాశ్రయానికి రానుపోను టికెట్లే 28 యూరోలు కాబట్టి, మిగిలిన 9.40 యూరోలు నాలుగో మెట్రో ప్రయాణానికే గిట్టిపోతాయి. ఆ తర్వాత వారమంతా ఎక్కినన్నిసార్లు ఎక్కవచ్చు.

కొనే క్రమం ఇది:

1. ఇంటి దగ్గరే 25 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించిన ఫొటో సిద్ధం చేసుకోవాలి. వీసాకు ఇచ్చే ఫొటో దీనికంటే పెద్దది, కార్డులో పట్టదు. తల చుట్టూ కత్తిరించి వెంట తీసుకువెళ్తే విమానాశ్రయంలో ఫొటో యంత్రానికి డబ్బు పోయనక్కర్లేదు.
2. విమానాశ్రయంలోని రైల్వే స్టేషను కౌంటరు దగ్గర "నావిగో దెకువెర్త్, సెమెన్, తూత్ జోన్" అని అడగాలి. అంటే కార్డు, వారపు పాస్, అన్ని మండలాలు. తక్కువ మండలాల పాస్ కొంటే విమానాశ్రయానికి పనికిరాకపోవచ్చు.
3. కార్డుతో ఇచ్చే అట్ట మీద ఫొటో అంటించి, పేరు రాసి, సంతకం చేయాలి. ఫొటో లేని కార్డుతో దొరికితే తనిఖీదారులు జరిమానా వేస్తారు.
4. రైలెక్కే ముందు గేటు దగ్గర కార్డు తాకించాలి. బస్సు, ట్రాములలో కూడా ఎక్కిన ప్రతిసారీ తాకించాలి.

నావిగో ఈజీ అనే 2 యూరోల కార్డు దీనికి భిన్నమైనది. దానిలో విడి టికెట్లు వేసుకోవచ్చు కానీ వారపు పాస్ ఎక్కదు. ఈ వారం పాస్ గురువారం వరకే అమ్ముతారు, శుక్రవారం నుంచి వచ్చే వారానిది ఇస్తారు. కాబట్టి గురువారం తర్వాత దిగి మూడు రోజులే ఉండేవారికి నావిగో ఈజీలో విడి టికెట్లే మేలు.

కార్డు ఒక మనిషికి ఒకటే. భార్యాభర్తలు ఒకే కార్డును వంతులవారీగా వాడటం కుదరదు.

## 6. ఏ రోజు ఏమి చూడాలి

మ్యూజియాల సెలవులు ఒక్కొక్కటీ ఒక్కో రోజు. ఓర్సేకు, చాలావరకు నగరపాలక సంస్థ మ్యూజియాలకు సోమవారం, లూవ్ర్, గిమేలకు మంగళవారం. ఈ చిక్కును బట్టి కింది క్రమం నడుస్తుంది.

సోమవారం. దిగి, గది చేరి, సాయంత్రం సేన్ నది ఒడ్డున నడవండి. ట్రోకడెరో మెట్ల మీద నుంచి ఈఫిల్ టవరు దీపాలు చూడటానికి టికెట్టు లేదు. చీకటి పడ్డాక ప్రతి గంటకూ ఐదు నిమిషాల పాటు టవరంతా మిలమిల మెరుస్తుంది.

మంగళవారం. కార్నవాలే మ్యూజియం, విక్టర్ హ్యూగో నివసించిన ఇల్లు పక్కపక్క వీధుల్లో ఉన్నాయి. రెండింటిలోనూ శాశ్వత ప్రదర్శన ఏడాది పొడవునా ఉచితం. అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలోనే నోటర్ డామ్ చర్చి ఉంది. 2019లో అగ్నిప్రమాదానికి గురై, 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకున్న ఈ చర్చి ప్రవేశానికి డబ్బు కట్టనక్కర్లేదు. సమయం ఖాయం చేసుకోవాలంటే చర్చి సొంత వెబ్‌సైటులో ఉచితంగానే నమోదు చేసుకోవచ్చు. ప్రవేశ టికెట్టు పేరుతో డబ్బు అడిగే వెబ్‌సైటు కనబడితే మూసేయండి.

బుధవారం. ఈఫిల్ టవరు ఎక్కాలనుకుంటే ఈ రోజు పెట్టుకోండి. రెండో అంతస్తుకు 674 మెట్లు. మెట్ల టికెట్టు 15 యూరోల దరిదాపుల్లో ఉంటుంది, కొస వరకు లిఫ్టులో వెళ్లాలంటే దానికి రెట్టింపు పైమాటే. మోకాళ్లు బాగుంటే మెట్లే ఎక్కండి. నగరం వీధివీధినా గుర్తుపట్టగలిగేది రెండో అంతస్తు నుంచే, కొస నుంచి అన్నీ చిన్నవైపోతాయి. అసలు ఎక్కకపోయినా నష్టమేమీ లేదు. గలరీ లాఫయెత్ దుకాణం డాబా మీద నుంచి, సక్రే కర్ చర్చి ముంగిలి నుంచి నగరమంతా ఉచితంగానే కనిపిస్తుంది.

గురువారం. ఆర్ఈఆర్ సి రైలులో వెర్సాయ్. నవంబరు నుంచి మార్చి వరకు తోటలకు టికెట్టు లేదు, రాజభవనానికి ఉంది. లోపలికి వెళ్లని వారికి కూడా తోటలో సగం రోజు ఇట్టే గడిచిపోతుంది.

శుక్రవారం. పగలు పెతీ పాలే మ్యూజియం, శాశ్వత ప్రదర్శన ఉచితం. సాయంత్రం లూవ్ర్. ఉచితమైనా ఆన్‌లైన్లో సమయం ముందుగా తీసుకోవాలి, కొన్ని వారాల ముందు నుంచే వెబ్‌సైటు చూస్తూ ఉండాలి. రాత్రి 9 గంటలకు మూసేస్తారు కాబట్టి ఉండేది మూడు గంటల లోపే. మోనాలిసా ముందు వరుసలో అందులో అరగంట పోతుంది. రెండు విభాగాలు ఎంచుకుని వాటినే నింపాదిగా చూడండి.

శనివారం. మోమార్త్ర్ కొండ, పేర్ లాషేజ్ శ్మశానవాటిక, లుక్సెంబర్గ్ తోట. అన్నీ ఉచితమే.

ఆదివారం. ఉదయం ముందే నమోదు చేసుకున్న సమయానికి ఓర్సే. తర్వాత ఓపిక ఉంటే గిమే మ్యూజియం. ఆసియా కళలకు ప్రత్యేకించిన ఈ మ్యూజియంలో కృష్ణా తీరంలో చెక్కిన అమరావతి శైలి శిల్పాలున్నాయి. జనం ఓర్సేకు ఎగబడే రోజున ఇక్కడ వాటి ముందు తీరిగ్గా నిలబడవచ్చు.

ఆధునిక కళల మ్యూజియం ఉన్న పొంపిదూ కేంద్రం పునరుద్ధరణ కోసం 2025లో మూతపడింది, కొన్నేళ్ల దాకా తెరవరు. పాత ప్రయాణ పుస్తకాలు చూసి అక్కడికి వెళ్లకండి.

## 7. తిండి

రోజుకు 20 యూరోలలో కడుపు నింపుకోవచ్చు. ఉదయం బ్రెడ్డు దుకాణంలో బాగెత్ ఒకటిన్నర యూరో లోపే వస్తుంది. ఫ్రాంప్రీ, లిడ్ల్, కార్‌ఫూర్ లాంటి సూపర్‌మార్కెట్లలో పెరుగు, పండ్లు, జున్ను తీసుకుంటే ఇద్దరికి పూట గడుస్తుంది. హోటల్లో తినాలనుకుంటే మధ్యాహ్నమే తినండి. "ఫోర్ముల్" అని రాసిన బోర్డు మీద రెండు వంటకాలు కలిపి ఒక ధరకు ఇస్తారు, రాత్రి అవే ఎక్కువ ధర పలుకుతాయి.

మంచినీళ్లు కొనకండి. హోటల్లో "యూన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్ల జాడీ ఉచితంగా తెచ్చిపెడతారు. ఊరికే నీళ్లని అడిగితే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. వీధుల్లోని ఆకుపచ్చ వాలెస్ కుళాయిల నీళ్లు కూడా తాగవచ్చు. సేవా రుసుము ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు ఇవ్వడం తప్పనిసరి కాదు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే బల్ల దగ్గర కూర్చున్నదాని కంటే చాలాచోట్ల చౌక.

అన్నం, ఇడ్లీ, దోశ కోసం మనసు లాగితే గార్ ద్యు నోర్ స్టేషను వెనుక లా షపెల్ ప్రాంతానికి వెళ్లండి. శ్రీలంక తమిళుల హోటళ్లు, కిరాణా దుకాణాలు వరుసగా ఉంటాయి, ధరలూ అందుబాటులోనే ఉంటాయి.

శాకాహారులు గమనించవలసినది: గుడ్లు, మీగడతో చేసే కీష్ లోరెన్‌లో పంది మాంసం ముక్కలుంటాయి, పైకి కనబడవు. "సాన్ వియాండ్, సాన్ ప్వాసోఁ" అంటే మాంసం, చేప వద్దని అర్థం. మారే ప్రాంతంలోని రోజియే వీధిలో ఫలాఫెల్ (శనగల వడలు) దొరుకుతుంది, కానీ అక్కడి యూదుల దుకాణాలు చాలావరకు శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా మూసి ఉంటాయి.

ఇంటి నుంచి తీసుకెళ్లేవారికి:

- తీసుకెళ్లదగినవి: కందిపొడి, ఆవకాయ (రెండు కవర్లలో సీలు చేసి చెక్-ఇన్ పెట్టెలో), వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, అటుకుల మిశ్రమాలు, చిన్న కెటిల్
- తీసుకెళ్లకూడనివి: నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, తాజా కరివేపాకు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడం ఐరోపా సమాఖ్యలో నిషిద్ధం. తాజా ఆకులకు, కూరగాయలకు ధ్రువపత్రం అడుగుతారు.

సన్నని రెండు పిన్నుల ప్లగ్గు అక్కడ పనిచేస్తుంది. మన మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టరు కావాలి.

## 8. డబ్బు, జేబు

ఫారెక్స్ కార్డులో యూరోలు నింపుకుని, చేతిలో వంద, నూటయాభై యూరోల నగదు ఉంచుకుంటే చాలు. కార్డు యంత్రం "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే ప్రతిసారీ యూరోలే ఎంచుకోవాలి. రూపాయలు నొక్కితే వాళ్లకు నచ్చిన మారకపు రేటు పడుతుంది. ఈఫిల్ టవరు టికెట్లకు యూపీఐ తీసుకుంటారన్నది నిజమే కానీ, దాన్ని నమ్ముకుని నగరమంతా తిరగలేరు.

ఒక మనిషికి వారం అంచనా, వీసా, విమానం కాకుండా:

- బస: 6 రాత్రులు, రాత్రికి 40 చొప్పున 240 యూరోలు
- నావిగో కార్డు, పాస్: 37.40
- తిండి: 140
- టికెట్లు: 35
- చేతిలో ఉంచుకోవలసినది: 50

మొత్తం దాదాపు 500 యూరోలు.

సక్రే కర్ మెట్ల దగ్గర మణికట్టుకు దారం కట్టబోయేవారు, సంతకం పెట్టమని కాగితాల అట్టతో చుట్టుముట్టేవారు, కింద పడిన ఉంగరం మీదేనా అని అడిగేవారు ముగ్గురూ ఒకే పనిమీద ఉంటారు. చేతులు జేబులో పెట్టుకుని, మాట కలపకుండా సాగిపోండి. మెట్రో 1వ లైనులో, ఆర్ఈఆర్ బి రైలులో ఫోను వెనుక జేబులో ఉంచరాదు. తలుపు పక్కన నిలబడి ఫోను చూడటం కూడా మంచిది కాదు, తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు.

## 9. చిక్కు వస్తే ఏం చేయాలి

ఉచిత సాయంత్రానికి లూవ్ర్‌లో సమయం దొరకలేదు. 32 యూరోలు పెట్టే ముందు ఆలోచించండి. ఆదివారం ఓర్సే ఉచితమే, పెతీ పాలే ఎప్పుడూ ఉచితమే. లూవ్ర్ కోసమే వచ్చినవారు బుధవారం కొనుక్కోవాలి, ఆ రోజూ రాత్రి 9 దాకా ఉంటుంది.

విమానం ఆలస్యమై మంగళవారం దిగారు. అయినా వారపు పాసే కొనండి, లెక్క అప్పటికీ గిట్టుబాటే.

పెద్ద పెట్టెతో మెట్రోలో ఇరుక్కున్నారు. చాలా స్టేషన్లలో లిఫ్టు లేదు. పెట్టె పట్టే వెడల్పు గేటు వెతికి వెళ్లండి. 14వ లైను స్టేషన్లన్నిటిలో లిఫ్టులున్నాయి, అది ఓర్లీ విమానాశ్రయం దాకా వెళ్తుంది.

అత్యవసరంగా మరుగుదొడ్డి కావాలి. కాఫీ కొనక్కర్లేదు. వీధుల పక్కన నగరపాలక సంస్థ పెట్టిన ఆటోమేటిక్ మరుగుదొడ్లు ఉచితం. ఒకరు బయటికి వచ్చాక తలుపు మూసుకుని కడుగుడు పూర్తయ్యే దాకా ఆగి లోపలికి వెళ్లాలి. తలుపు పట్టుకుని వెంటనే దూరితే నీళ్లలో తడుస్తారు.

## 10. తిరుగు రోజు

ఉదయం గది ఖాళీ చేసి పెట్టె హోటల్లోనే వదిలి వెళ్లండి. మ్యూజియాల్లో పెద్ద పెట్టెలను లోపలికి రానివ్వరు. ఆదివారాల్లో ఆర్ఈఆర్ బి లైను మీద మరమ్మతుల కోసం రైళ్లు ఆపి బస్సులు నడిపే సందర్భాలుంటాయి కాబట్టి, శనివారం రాత్రే రవాణా సంస్థ యాప్‌లో చూసుకోవాలి.

గార్ ద్యు నోర్ నుంచి షార్ల్ ద గాల్‌కు మామూలుగా అరగంట ప్రయాణమే అయినా, విమానానికి నాలుగు గంటల ముందు స్టేషనులో ఉండండి. ఐరోపా కొత్త సరిహద్దు విధానంలో ముఖచిత్రం, వేలిముద్రల నమోదు వల్ల పాస్‌పోర్టు వరుసలు మునుపటి కంటే నెమ్మదిగా కదులుతున్నాయి. రైలు ఎక్కేముందు దాని మీద విమానాశ్రయం పేరు ఉందో లేదో చూడాలి, ఎందుకంటే అదే ప్లాట్‌ఫారం మీద మిత్రీ వైపు వెళ్లే రైళ్లు కూడా ఆగుతాయి. పొరపాటున అది ఎక్కితే ఒల్నే-సూ-బ్వా స్టేషనులో దిగి, వెనుక వచ్చే విమానాశ్రయం రైలు పట్టుకోవాలి. ఆదివారం అర్ధరాత్రి దాకా పాస్ చెల్లుతుంది కాబట్టి దానికి వేరే టికెట్టు కొననవసరం లేదు.